తెర మీది దిద్దుబాటు



నేటి ప్రసంగ విషయము మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. క్రొత్తగా వ్యాపారసంస్థలు స్థాపించుచున్న మన పిల్లలకు, వారు చేసిన పనిలోని తప్పొప్పులను మన మెట్లు తెలుపవలెను? అందుకొఱకు చేతిలోని ఫోను తెరనే చిత్రముగా పట్టి, మన మాటను దానికి జోడించి పంపెడి పద్ధతి యొకటి యేర్పడినది. దానిని గూర్చి కొంత ముచ్చటించెదను.

ప్రత్తియు మిరపయు పండించి పిల్లలను ఇంజనీరింగు చదివించిన కుటుంబములు మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో వేలకొలది కలవు. అట్లు చదివినవారిలో కొందఱు నెలజీతము విడిచి, తామే యొక సంస్థ పెట్టెదమని బయలుదేఱుచున్నారు. వీనిని ఆంగ్లమున స్టార్టప్పు లందురు. మన పత్రికలు అంకుర సంస్థలని పేరు పెట్టినవి. హైదరాబాదులో 2015 నవంబరు 5వ తేదీన టీ-హబ్ అను పోషణశాల వెలసినది. మన మంగళగిరిలో 2025 ఆగస్టు 20వ తేదీన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభమైనది. ఇట్టి చోట్ల కూర్చుండుటకు స్థలము, పెద్దల సలహా, పెట్టుబడిదారుల పరిచయము దొరకును. సులభముగా దొరకనిది మఱియొకటి కలదు. ఆ పిల్లవాడు చేసిన వస్తువును నిజముగా వాడవలసిన మనిషి, దానిని వాడుచున్న క్షణమున ఏమనుకొనునో, ఆ మాట.

ఆ మాట దొరకనందున కలుగు నష్టము సామాన్యము కాదు. ఎకరము తాకట్టు పెట్టి కుమారునికి పెట్టుబడి ఇచ్చిన తండ్రులు మన యూళ్లలో కలరు. ఆ కుమారుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుండి, మిరపరైతు ఇట్లు చేయును, అట్లు కోరునని యూహించి రెండేండ్లు శ్రమపడును. ఊహ తప్పినచో ఎకరము పోవును. ఆ యంత్రమును నమ్మి సరుకు అమ్ముకొన్న రైతునకు కూడ కొంత పోవును.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు అతడు తాను చేసినది మనకు చూపును. అప్పుడు మనము సాధారణముగా రెండు మాటలలో నేదో యొకటి అందుము. “చాలా బాగుంది నాయనా, వృద్ధిలోకి రా” అనునది మొదటిది. “ఇవన్నీ మనకెందుకురా, ఉద్యోగం చేసుకోక” అనునది రెండవది. మొదటిది ఆశీర్వచనము, రెండవది నిరుత్సాహము. ఈ రెంటిలో దేనివలనను అతనికి తన పనిలో ఏ మెట్టు వంకరగా నున్నదో తెలియదు. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లల వ్యాసములు దిద్దితిని. పుస్తకము చివర “బాగున్నది” అని వ్రాసి సంతకము చేసిన మాత్రమున ఏ బాలుడును సంధి నేర్చుకొనడు. ఏ పంక్తిలో, ఏ పదము క్రింద గీత పడినదో చూచినప్పుడే నేర్చుకొనును.

వాడవలసినవాడు ఏమి కోరుచున్నాడో ఆదియందు తెలియకపోవుట ఎంతటివారికైనను తప్పదు. తెలంగాణమునకు చెందిన ఫణీంద్ర సామా కథ మీలో కొందఱు వినియుందురు. 2005 దీపావళికి బెంగుళూరు నుండి హైదరాబాదునకు బస్సులో చోటు దొరకక, ఆ యిబ్బందిని తొలగింపవలెనని అతడును మిత్రులును సంకల్పించిరి. బస్సు యజమానుల కొఱకు లెక్కలు చూచుకొనెడి యంత్రవిద్య నొకదానిని సిద్ధముచేసి పట్టుకొనిపోయిరి. యజమానులు దానిని అక్కఱ లేదనిరి. వారికి కావలసినది టికెట్లు అమ్ముడుపోవుట. ఆ మాట చెవినిబెట్టి, టికెట్లు తామే అమ్మిపెట్టుటకు పూనుకొని, 2006లో రెడ్‌బస్ స్థాపించిరి. 2013లో దానిని ఐబిబో సంస్థ కొనెను. ఆ యజమానులు మొగమాటమునకు “బాగుందయ్యా” అని పంపివేసియున్నచో కథ మఱొక విధముగా నుండెడిది.

ఇక పద్ధతి సంగతి. ఫోనులో నున్న యాప్‌ను తెఱచి వాడుచుండగా, తెరమీద జరుగునదంతయు, మన నోటిమాటతో కూడ, చలనచిత్రముగా నమోదగును. దీనికి వేఱు యంత్ర మక్కఱలేదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 మొదలుగా చాల ఫోనులలో ఈ సదుపాయము లోపలనే యున్నది. తెర పైయంచు నుండి వ్రేలితో క్రిందికి లాగినచో కనబడు గుర్తులలో స్క్రీన్ రికార్డరు అనునది యుండును. దానిని నొక్కి, మైకు మాటను కూడ పట్టుమని చెప్పి, పని మొదలిడవలెను. ముగిసినపిదప ఆపినచో చిత్రము ఫోటోల నడుమ చేరును. దానిని వాట్సాప్‌లో పంపవచ్చును.

పని చేయుచు మనసులోని మాట బిగ్గరగా పలికించి లోపములు కనిపెట్టుటను గూర్చి ఐ.బి.ఎం. సంస్థలోని క్లేటన్ లూయిస్ 1982లోనే వ్రాసెను. 2000లో జాకబ్ నీల్సన్ అను విచారకుడు, ఐదుగురిచే వాడించి చూచినచో నూటికి సుమారు 85 లోపములు బయటపడునని వాదించెను. ఆ లెక్కను ఒప్పనివారును కలరు. ఐదుగురును ఒకే తీరువారైనచో అది చెల్లదని నాకును తోచుచున్నది. మాగాణి రైతులు ఐదుగురు చెప్పినది మెట్ట రైతుకు చాలునా? అమెరికాలో 2015లో ముగ్గురు యువకులు ఓపెన్‌టెస్ట్ అను పేరిట, క్రొత్త సంస్థలకు ఇట్టి అభిప్రాయ చిత్రములను తెప్పించి ఇచ్చు వ్యాపారము పెట్టిరి. అభిప్రాయముల కంటె వానిని పట్టు పనిముట్టే జనులకు నచ్చినది. దానికే లూమ్ అని పేరు పెట్టి వృద్ధిచేయగా, 2023లో అట్లాసియన్ సంస్థ సుమారు 97 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను. ఆ ముగ్గురికిని, వాడువారు చెప్పకయే చెప్పిన మాట మేలుచేసినదన్నమాట.

పేరు క్రొత్తదే గాని పద్ధతి మనకు క్రొత్తది కాదు. కోలాచల మల్లినాథసూరి కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవని యను వ్యాఖ్య వ్రాసెను. శ్లోకము రమ్యముగా నున్నదని చెప్పి ఆయన ఊరకుండలేదు. పదము వెంట పదము నడచి, ఇది దేనితో అన్వయించునో, ఇచట ఈ విభక్తి ఏలనో చూపుచు పోయెను. తెర చిత్రమును పంపువాడు చేయవలసినది ఇట్టి ప్రతిపద వ్యాఖ్యయే. “ఇది తెఱచితిని, ఇది కనబడినది, ఇచట నాకు తోచక ఆగితిని” అని నడచుచు చెప్పవలెను.

ఒక యుదాహరణము చెప్పెదను. నా పూర్వశిష్యుడొకడు మిరపరైతుల కొఱకు యాప్ నొకదానిని సిద్ధముచేసెను. ఏనాటి ధర యెంత, సరుకు నెప్పుడు యార్డునకు తోలవలెను, తెగులు వచ్చినచో ఏమి చేయవలెను, ఇవి దానిలోని విషయములు. నగరములోని మిత్రులందఱు మెచ్చిరట. “మీరు కూడా ఒకసారి చూడండి మాస్టారూ” అని నా యొద్దకు వచ్చెను. నాకు చూపుటకంటె, మిరప వేసిన నలుగురైదుగురి చేతికిచ్చి తెరచిత్రములు తెప్పించుకొమ్మంటిని. తాను దగ్గఱ నుండరాదనియు నియమము పెట్టితిని. ఏలయన దగ్గఱనున్నచో, రైతు తడబడిన మఱుక్షణమే “ఇక్కడ నొక్కు బాబాయ్” అని వ్రేలు చూపును. దానితో ఆ తడబాటు మాయమగును. ఎదుట చదువుకొన్న పిల్లవాడు కూర్చుండగా రైతు కూడ “అర్థం కాలేదు” అనుటకు జంకును.

ఐదు చిత్రములు వచ్చెను. శిష్యుడును నేనును కూర్చుండి చూచితిమి.

మొదటివానిలో ఒక పెద్దమనిషి ధరల పుట తెఱచెను. మిరప, క్వింటాలు, కనిష్ఠము, గరిష్ఠము అని యున్నది. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఏ కాయ రేటబ్బాయ్ ఇది? తేజానా, 334నా? తాలు కాయ రేటు కూడా ఇందులోనే కలిపేశాడా?” అనెను. గుంటూరు మిర్చి యార్డు ఎఱిగినవారికి ఈ ప్రశ్నలోని బలము తెలియును. రకమునుబట్టి, ఎండునుబట్టి, రంగునుబట్టి ధర వేఱగును. నాణ్యమైన ఎఱ్ఱకాయకును తాలునకును నడుమ నున్న దూరమును ఒకే పంక్తిలో కనిష్ఠ గరిష్ఠములుగా వ్రాసినచో, చదివినవాడు తన కాయ ఎచట నున్నదో యెట్లు తెలిసికొనును? పిల్లవాడు ఆ యంకెలను ఏ తప్పును లేకుండ ఎక్కించినాడు. అయినను ఆ పుట నిష్ప్రయోజనము.

రెండవవాడు “కోత తేదీ” అను గడికడ నిలిచిపోయెను. “ఏ కోత? మొదటి కోతా, రెండోదా?” మిరప వరివలె ఒక్కసారి కోసి ఇల్లు చేరునది కాదుగదా. పండినది పండినట్లు విడతలుగా కోయుదురు. యాప్‌లో ఒక్క తేదీకే చోటున్నది. ఆయన ఏదో యొక తేదీ వేసి ముందుకు నడచెను. అట్లు వేసిన తేదీనిబట్టి యంత్రము లెక్కకట్టి సలహా చెప్పును! ఈ తప్పు మాటలతో అడిగినచో ఎన్నటికిని బయటపడదు. “ఇబ్బంది ఏమైనా వచ్చిందా?” అనినచో ఆయన “ఏమీ రాలేదు, బాగానే పోయింది” అనియుండును.

మూడవది తెగుళ్ల పుట. “ఆకు ఫోటో తీయండి” అని యున్నది. 2021-22లో క్రొత్తరకపు తామరపురుగు వచ్చి మిరపతోటలను నాశనము చేసిన సంగతి మీరు మఱచియుండరు. అది పూలలో చేరి తినును. ఆ రైతు తోటలో నిలుచుండి చిత్రము పట్టినాడు. “పురుగు పూలో ఉంటే ఆకు ఫోటో అడుగుతాడేంటి” అని నవ్విన నవ్వు స్పష్టముగా వినబడినది. శిష్యుని ముఖము ఎఱ్ఱబడెను.

నాలుగవది నన్ను బాధించినది. అది ఒక కౌలురైతుది. యాప్ తెఱవగానే పట్టాదారు పాసుపుస్తకము సంఖ్య అడుగుచున్నది. ఆయన వ్రేలు ఆ గడిపై నిలిచినది. చిత్రములో నలువది క్షణములపాటు మాటలేదు. దూరమున ట్రాక్టరు చప్పుడు మాత్రము వినవచ్చుచున్నది. పిదప “మనకి పుస్తకం లేదుగా, ఇది మనకి కాదులే” అని ఆపివేసెను. మన ప్రాంతమున కౌలునకు చేయువారెందఱో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము, పట్టాలేని సాగుదారునకు 11 నెలలకు చెల్లు పత్రమును కల్పించినది. ఆ పత్రము సంఖ్య అడుగవచ్చును. లేదా ఏ సంఖ్యయు నడుగకయే ధర చూపవచ్చును. ధర చూచుటకు పాసుపుస్తక మెందుకు? పిల్లవాడు ఆ నలువది క్షణములను మూడుమారులు వేసి చూచెను. అతని పుస్తకములో అట్టివారు “నమోదు పూర్తిచేయనివారు” అని ఒక అంకెగా మాత్రమే యున్నారట.

ఐదవది ఒక వృద్ధునిది. అక్షరములు చిన్నవై కనబడక తడబడుచు, “నాకు చూపానదు, నాకివన్నీ రావులే, నా తప్పే” అని మాటిమాటికి అనుకొనుచుండెను. పెద్దలారా, ఇచట నొక్క మనవి. ఇట్టి స్థలమున తప్పు మనదని తీసికొనవలదు. లాం పరిశోధనాస్థానమువారు క్రొత్త వంగడమును విడుదల చేయుటకు పూర్వము రైతుల పొలములలో వేయించి చూచెదరు. మొలక రానిచో రైతును నిందింపరు. వంగడమునకు ఈ నేల సరిపడలేదని వ్రాసికొందురు. మన తడబాటు ఆ పిల్లవానికి అట్టి లెక్కయే. దానిని సిగ్గుపడి దాచినచో, తుడిచివేసి రెండవమారు చక్కగా పట్టి పంపినచో, అతనికి దక్కవలసినది దక్కదు.

కావున పట్టునప్పుడు మనుమని సహాయము తీసికొనవలదు. మొదట మన మెవరమో చెప్పవలెను: ఎన్ని యెకరములు, సొంతమా కౌలా, ఏ పంట. పిదప ఒక్క పని పెట్టుకొని, దానినే చివరివఱకు చేయుటకు యత్నింపవలెను. చూచినది ముందు, మన అభిప్రాయము తరువాత. “ఈ గుర్తు నొక్కితిని, ఏమియు జరుగలేదు” అనునది పనికివచ్చును. “అంతా గందరగోళం” అనునది పనికిరాదు. పది నిమిషములకు మించినచో చూచువానికి ఓపిక యుండదు. ఇక మందలింపు సంగతి. ఎఱ్ఱసిరాతో పుటనిండ గీతలు గీచిన ఉపాధ్యాయులను నేను చూచితిని. అట్టి పుస్తకమును ఇంటికి పోయి తెఱచిన బాలుని చూడలేదు. ముఖ్యమైన రెండు మూడు చెప్పి విడిచినచో చాలును. పైగా అరుగుమీద కోపముతో అనిన మాట గాలిలో కలియును. చిత్రములోని మాట నిలిచియుండును, పదిమందికి చేరవచ్చును. ఆ పిల్లవాని తల్లి కూడ వినునని తలచి మాటలాడుట మంచిది. అట్లని తియ్యదనము కొఱకు లోపమును మ్రింగవలదు.

జాగ్రత్త యొకటి. చిత్రము పట్టుచున్నంతసేపు తెరపై వచ్చినదంతయు నమోదగును. ఓటీపీలు, ఆధారు సంఖ్య, బ్యాంకు నిలువ, ఎవరో పంపిన సొంత సందేశము, ఏదైనను సరే. కనుక పంపుటకు ముందు ఒకమారు చూచుకొనవలెను. మఱియు, మన మే పట్టి, చూచుకొని, తెలిసినవానికి పంపుట వేఱు. ఎవడో ఫోను చేసి “మీ తెర నాకు కనబడేట్లు పెట్టండి” అనుట వేఱు. రెండవది దొంగల పద్ధతి. అట్లడిగినవాని మాట వినవలదు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఈ పద్ధతికి హద్దులును కలవు. తెరమీదకు రానిది తెరచిత్రములో కనబడదు. కమీషను వ్యాపారియొద్ద ముందుగా అప్పు తెచ్చుకొన్న రైతునకు, ధర ఎచట ఎక్కువయో తెలిసినను ఆ వ్యాపారికే తోలక తప్పదు. ఈ సంగతి ఏ గడిలోను లేదు. అందుకై ఊరికి రావలసినదే, కల్లములో కూర్చుండవలసినదే. మన రాష్ట్రములోను పనిచేసిన డిజిటల్ గ్రీన్ సంస్థవారి రీతి ఇచట గమనింపదగినది. 2006లో బెంగుళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమున పుట్టి 2008లో స్వతంత్రమైన ఆ సంస్థ, రైతు చేసిన పనిని చిత్రముగా తీసి తోటిరైతులకు చూపును. చూపి ఊరకుండదు. చూచువారు అడిగిన ప్రశ్నలను, పిదప ఎవరాచరించిరో దానిని, ఊరిలోని మనిషిచే వ్రాయించి తెప్పించుకొనును. చిత్రము ప్రక్కన మనిషి కూడ నుండవలెనని వారి యనుభవము.

స్థాపకులు చేయవలసినదియు కొంత కలదు. మన ముసలివారు పది నిమిషములు కష్టపడి పంపినదానికి “థాంక్స్” అని ఒక్క మాట వ్రాసి ముగించుట తగదు. ఏది మార్చితిమి, ఏది మార్చలేదు, ఏల మార్చలేదు అని తెలుపవలెను. చెప్పినదెల్ల చేయనక్కఱలేదు. మా వృద్ధుడు యాప్ అంతయు మాటలతోనే నడువవలెననెను. శిష్యుడు ధరల పుటకు మాత్రము మాట జోడించి, తక్కినదానికి అక్షరములు పెద్దవి చేసెను. ఖర్చు దృష్ట్యా అది న్యాయమే. ధరలు రకమువారీగా విడగొట్టెను. కోతలకు విడివిడిగా తేదీలు పెట్టెను. పూల ఫోటోకు చోటిచ్చెను. పాసుపుస్తకము గడిని మొదటి పుట నుండి తొలగించెను. ఆ కౌలురైతునకు తానే ఫోను చేసి, మఱల తెఱచి చూడుమని కోరెను. ఆయన చూచెనట, రెండవ చిత్రమింకను రాలేదు.

ఇప్పుడతడు ప్రత్తి కొఱకు మఱియొక పుట సిద్ధముచేయుచున్నాడు. తీతలు మొదలుకాకమునుపే ఐదు చిత్రములు కావలెనని నన్నడిగినాడు. నలుగురు పురుషులు ఒప్పుకొనిరి. ఐదవది స్త్రీ పట్టినదై యుండవలెనని నేనంటిని. ప్రత్తి తీయు కూలీల లెక్క, రోజుకు ఎవరెన్ని కిలోలు తీసిరో, ఎవరికెంత ఇవ్వవలెనో, చాల ఇండ్లలో వ్రాయుచున్నది వారే. మీ యిండ్లలో అట్టి లెక్క వ్రాయు అమ్మ ఎవరైన నున్నచో ఈ మాట చెప్పుడు.